సూర్యుడి ఊళ్ళో కుక్కపిల్ల: గంజన్నం వెనక చరిత్ర

ఈసారి రాజులూ శాసనాలూ పక్కన పెట్టి కుక్కపిల్ల తిండి గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి. దీనికీ చరిత్ర ఉంది, అందులో మన హైదరాబాదు కూడా ఉంది.

మాది అరసవల్లి. ఇక్కడి సూర్యనారాయణస్వామి గుడిని 7వ శతాబ్దంలో తూర్పు గాంగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు పొద్దున్నే సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. ఒంట్లో బాగోలేనివాళ్ళు మొక్కుకుని వస్తారు. ఎండే మందు అన్న నమ్మకం మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఉగ్గుపాలతో వచ్చేస్తుంది.

కొన్నేళ్ళ క్రితం రథసప్తమి మర్నాడు ఒక కుక్కపిల్ల మా అరుగు కింద దూరింది. పెంచుకున్నాం. పెట్టిందల్లా అన్నం, గంజి. మా తాతల నాడూ అదే పెట్టారు కదా అని నా ధైర్యం. మూడు నెలలయ్యేసరికి దాని ముందుకాళ్ళు వంగిపోయాయి, లేచి నిలబడ్డానికే ఏడ్చేది. పక్కింటి పెద్దమ్మ చూసి, "ఎండలో పడుకోబెట్టరా, అదే సర్దుకుంటాది" అంది. నెల రోజులు పొద్దున్నే ఎండలో పడుకోబెట్టాను. ఏమీ మారలేదు. చివరికి పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఎండ సంగతి అడగనే లేదు. "ఏం పెడుతున్నారు?" అన్నారు.

ఆ ప్రశ్న నన్ను 1919కి తీసుకెళ్ళింది. ఆ ఏడాది బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అనే పిల్లల డాక్టరు ఎముకలు వంగిపోయిన పిల్లలకి అతినీలలోహిత దీపం వెలుగు చూపించి నయం చేశాడు. అంటే పెద్దమ్మ మాట మనుషుల పిల్లల విషయంలో నిజమే. అదే ఏడాది ఇంగ్లండులో ఎడ్వర్డ్ మెలన్‌బీ ఇంకో దారిలో వెళ్ళాడు. ఆయన కుక్కపిల్లలకి ఓట్ల జావలాంటి తిండి పెట్టి అదే జబ్బు తెప్పించాడు, కాడ్ చేప కాలేయం నూనె పట్టించి తగ్గించాడు. నూనెలో ఉన్నది విటమిన్ ఎ అయ్యుంటుందనుకున్నారు. అది వేరే పదార్థమని 1922లో అమెరికాలో మెక్‌కాలమ్ బృందం చూపించింది. అదే విటమిన్ డి.

మన చర్మం ఎండ తగిలితే విటమిన్ డి తయారుచేసుకుంటుంది. కుక్క చర్మం చాలినంత చేసుకోలేదు. నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్ పరిశోధకులు 1994లో దీన్ని స్పష్టంగా చూపించారు. కుక్కకి ఆ విటమిన్ కంచంలోంచే రావాలి. సూర్యుడి గుడి పక్కన ఉండి నెల రోజులు నేను చేసింది తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఇక హైదరాబాదు కథ. దక్కను పీఠభూమిలో జొన్నలే ముఖ్యమైన తిండిగా బతికే కూలీలకి పెల్లాగ్రా వచ్చేది. చర్మం నల్లబడి పొట్టు లేచేది, విరేచనాలు, మతి తప్పడం. కుక్కల్లో దీనికి జోడీ జబ్బు ఉంది, నల్లనాలుక. దాన్ని నికోటినిక్ ఆమ్లం తగ్గిస్తుందని 1937లో అమెరికాలో ఎల్వేహెమ్ కనిపెట్టాడు. తరవాత 1965లో హైదరాబాదు పోషకాహార పరిశోధనశాలలో బేలవాడి, గోపాలన్ కుక్కపిల్లలకి జొన్నలతో తిండి పెట్టి నల్లనాలుక తెప్పించారు. ఆ సంస్థే ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ. జొన్నల్లో ఎక్కువగా ఉండే లూసిన్ దీనికి కారణమని గోపాలన్ వాదించారు. ఆ కారణాన్ని తరవాత అందరూ ఒప్పుకోలేదు గానీ, ఒకే గింజ మీద బతికితే మనిషికైనా కుక్కకైనా ఏమవుతుందో మాత్రం తేలిపోయింది. మన తిండి మెరుగుపడాలని ఆ కుక్కపిల్లలు జబ్బు పడ్డాయి. మన అరుగు కింది కుక్కకి మాత్రం ఇంకా గంజే.

అలాగని అన్నం విషం కాదండోయ్. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో రాశారు. పిండిపదార్థం అరిగించే ఒక జన్యువు తోడేలుకి రెండు ప్రతులే ఉంటే, కుక్కకి 4 నుంచి 30 దాకా ఉన్నాయట. మన వ్యవసాయంతో పాటే దాని కడుపూ మారింది. తప్పల్లా అన్నంతో ఆపేయడం. తెల్లబియ్యంలో కాల్షియం దాదాపు లేనట్టే. మా వైపు చోళ్ళలో వంద గ్రాములకి 300 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. వెనకటికి ఇంట్లో మిగిలిన చోడి అంబలి కుక్కకీ దక్కేది. ఇప్పుడు మనమే అంబలి మానేశాం. తాతల నాడు అని నేను చెప్పుకున్నదాంట్లో సగం మర్చిపోయానన్నమాట. అయినా చోళ్ళలో విటమిన్ డి ఉండదు, ఉన్న కాల్షియం కూడా పూర్తిగా ఒంటికి పట్టదు.

డాక్టరు చెప్పినట్టు అన్నం తగ్గించి ఉడికించిన గుడ్డు, నెత్తళ్ళు, వారానికోసారి కాస్త కార్జం కలిపాం. చేపలు పచ్చివి తెచ్చి ఉప్పు లేకుండా ఉడకబెట్టాలి, ఎండుచేప వద్దన్నారు. కాల్షియం మందు ఆయన రాసిన మోతాదే వేశాం. ఎదిగే పిల్లకి ఎక్కువైనా ఎముకలు పాడవుతాయట.

గుడి దగ్గర ఉండేవాళ్ళకి ఇంకో మాట. కిస్‌మిస్ కుక్కల కిడ్నీలని దెబ్బతీస్తుంది. కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని అమెరికా పశువైద్యులు 2021లో సూచించారు. చింతపండు తిన్న కుక్కల్లోనూ అదే దెబ్బ చూశారు. చింతపండులోనూ ఆ ఆమ్లం దండిగా ఉంటుంది. కాబట్టి పులిహోర ప్రసాదం, పులుసన్నం దానికి పెట్టకండి. ఉల్లిపాయ కూడా వద్దు, రక్తం విరిగిపోతుంది.

మా కుక్క రెండు నెలల్లో లేచి పరిగెత్తింది. ఎడమ కాలు కాస్త వంకరగానే మిగిలింది. పొద్దున్నే వెళ్ళి ఎండలోనే పడుకుంటుంది, అది దాని ఇష్టం. ఉంటానండి.