సిగరెట్ పొగ పీల్పు ప్రయోగాలు: ఎలుకల నుంచి తేలిన చరిత్ర

ఎలుకలు, చిట్టెలుకలు, హామ్‌స్టర్లు, గినీ పందుల చేత సిగరెట్ పొగను నిర్ణీత మోతాదుల్లో పీల్పించి, వాటి శ్వాసమార్గంలో వచ్చే మార్పులను గమనించే ప్రయోగాలను పొగ పీల్పు ప్రయోగాలు అంటారు. పొగతాగడానికీ ఊపిరితిత్తుల కేన్సర్‌కూ ఉన్న సంబంధం మనుషుల విషయంలో 1950ల్లోనే జనాభా అధ్యయనాల వల్ల బయటపడింది. అదే కేన్సర్‌ను ఎలుకల ఊపిరితిత్తుల్లో సందేహానికి తావు లేకుండా చూపడానికి మాత్రం మరో అర్ధ శతాబ్దం పట్టింది. ఈ జాప్యానికి కొంత జంతువుల శరీర నిర్మాణం, కొంత యంత్రాల పరిమితి కారణం. అది కొనసాగినంత కాలం పొగాకు కంపెనీలకు మాత్రం బాగా కలిసొచ్చింది.

పద్ధతి

మనిషి పొగను నోటితో లాగి, గుండెల నిండా పీల్చి, కాసేపు లోపల ఉంచుకుంటాడు. ఎలుక ముక్కుతోనే ఊపిరి తీసుకుంటుంది. దాని ముక్కులో మెలికలు తిరిగిన సన్నని పొరలు పొగలోని కణాలను చాలావరకు అక్కడే పట్టేస్తాయి. పొగ ఘాటు తగలగానే ఊపిరి బిగబట్టడం, పైపైన పీల్చడం ఈ జంతువులకు సహజం. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ మరో చిక్కు తెస్తుంది. మోతాదు పెంచితే కేన్సర్ రావడానికి చాలా ముందే జంతువు విషవాయువుతో చనిపోతుంది. అందుకే పొగను గాలితో పలచన చేయక తప్పదు.

పొగ పట్టే తీరులు రెండు. మొదటి దానిలో జంతువులను పెట్టెలో ఉంచి, పెట్టె అంతటా పొగ నింపుతారు. తారు వాటి బొచ్చుకు అంటుకుంటుంది. అవి ఒళ్లు నాక్కున్నప్పుడు కడుపులోకి పోతుంది. దాంతో ఎంత పీల్చిందో, ఎంత మింగిందో తేల్చడం కష్టం. రెండో దానిలో జంతువును సన్నని గొట్టంలో దూర్చుతారు. కొస ఇరుకుగా ఉన్న ఆ గొట్టంలోంచి ముక్కు మాత్రమే పొగ పారే గదిలోకి వస్తుంది. మోతాదు కచ్చితంగా తెలుస్తుంది కానీ, రోజూ గంటల తరబడి కదలకుండా ఉండటం వల్ల జంతువు ఒత్తిడికి గురై బరువు తగ్గుతుంది.

సిగరెట్‌ను యంత్రమే కాలుస్తుంది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1960ల్లో ఖరారు చేసిన పద్ధతి ప్రకారం దమ్ముకు 35 మిల్లీలీటర్లు, దమ్ము నిడివి 2 సెకన్లు, నిమిషానికి ఒక దమ్ము. ప్రయోగశాలల మధ్య పోలిక కుదరడానికి కెంటకీ విశ్వవిద్యాలయం 1ఆర్1, 2ఆర్1, 2ఆర్4ఎఫ్, 3ఆర్4ఎఫ్ వంటి ప్రమాణ సిగరెట్లను వరుసగా తయారు చేయించింది. పొగ నిజంగా లోపలికి వెళ్లిందా అన్నది రక్తంలోని కార్బాక్సీహిమోగ్లోబిన్ (కార్బన్ మోనాక్సైడ్ అంటుకున్న హిమోగ్లోబిన్), నికోటిన్, శరీరంలో దాని నుంచి తయారయ్యే కోటినిన్‌లను కొలిచి నిర్ధారిస్తారు.

తొలి ప్రయత్నాలు

లండన్‌లో జె. ఆర్గైల్ క్యాంప్‌బెల్ 1936లో మోటారు వాహనాల పొగతో పాటు పొగాకు పొగను కూడా చిట్టెలుకలపై పరీక్షించాడు. అమెరికా జాతీయ కేన్సర్ సంస్థకు చెందిన ఎగాన్ లోరెంజ్ బృందం 1943లో, ఊపిరితిత్తుల కణితులు సహజంగానే ఎక్కువగా వచ్చే ‘ఎ’ జాతి చిట్టెలుకలకు పొగ పట్టింది. కణితులు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు.

ఈ రంగాన్ని కదిలించింది మాత్రం పీల్పు ప్రయోగం కాదు, తారు పూత. అర్జెంటీనాలో ఏంజెల్ రోఫో 1930ల్లో కుందేళ్ల చర్మంపై పొగాకు తారు పూసి కేన్సర్ తెప్పించాడు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎర్నెస్ట్ వైండర్, ఎవర్ట్స్ గ్రాహం, అడెల్ క్రోనింగర్ 1953లో చిట్టెలుకల వీపులపై సిగరెట్ తారు పూయగా 44 శాతం వాటికి చర్మ కేన్సర్ వచ్చింది. కేన్సర్ రోగి ఊపిరితిత్తిని పూర్తిగా తొలగించే శస్త్రచికిత్సను 1933లో తొలిసారి విజయవంతంగా చేసిన గ్రాహం స్వయంగా పొగతాగేవాడు. 1957లో ఆయన ఊపిరితిత్తుల కేన్సర్‌తోనే మరణించాడు.

ఈ ఫలితం బయటికి వచ్చిన కొద్ది వారాలకే, 1954 జనవరి 4న, అమెరికా పొగాకు కంపెనీలు నాలుగు వందలకు పైగా పత్రికల్లో ఉమ్మడి ప్రకటన వేయించి, పొగాకు పరిశ్రమ పరిశోధన కమిటీని ప్రకటించాయి. దాని శాస్త్రీయ బాధ్యతలు అందుకున్న క్లారెన్స్ కుక్ లిటిల్ సామాన్యుడు కాదు. చిట్టెలుకల జన్యుశాస్త్రంలో పేరుమోసినవాడు, జాక్సన్ ప్రయోగశాల స్థాపకుడు. వీపు మీది చర్మం ఊపిరితిత్తి కాదన్నది పరిశ్రమ వాదన. పొగ లేదా తారు వల్ల జంతువుల ఊపిరితిత్తుల్లో, బహుశా కుక్కల్లో తప్ప, కేన్సర్ రాలేదని 1964 నాటి అమెరికా సర్జన్ జనరల్ నివేదిక కూడా ఒప్పుకుంది. అయినా మనుషుల నుంచి వచ్చిన ఆధారాలతోనే పొగతాగడం కేన్సర్‌కు కారణమని అదే నివేదిక తేల్చింది.

హామ్‌స్టర్ల దశ

అసలు మలుపు హాంబర్గ్‌లో వచ్చింది. జర్మన్ సిగరెట్ పరిశ్రమ నిధులతో నడిచిన పరిశోధన సంస్థలో వాల్టర్ డాంటెన్‌విల్ బృందం పనిచేసేది. చాలా జంతువులకు ఒకేసారి పొగ పట్టే యంత్రాలు వాళ్లు తయారు చేసుకున్నారు. ఇవి ‘హాంబర్గ్’ యంత్రాలుగా ప్రసిద్ధి చెందాయి. శ్వాసకోశ అంటురోగాలను తట్టుకుని ఎక్కువ కాలం బతికే సిరియన్ బంగారు హామ్‌స్టర్‌ను ఎంచుకోవడం తెలివైన నిర్ణయం. రోజుకు ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు పొగ పట్టి, ఆ జంతువులను జీవితాంతం గమనించారు. 1973లో వెలువడిన ఫలితాల ప్రకారం మోతాదు పెరిగినకొద్దీ స్వరపేటికలో కణితులు పెరిగాయి. ఊపిరితిత్తుల్లో మాత్రం రాలేదు.

అమెరికాలో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో పీటర్ బెర్న్‌ఫెల్డ్, ఫ్రెడీ హోంబర్గర్ 1974లో బీఐఓ 15.16 అనే హామ్‌స్టర్ జాతిలో స్వరపేటిక కేన్సర్‌ను చూపారు. పొగాకు పరిశ్రమ నిధులతోనే జరిగిన ఈ ప్రయోగ ఫలితాన్ని ‘కేన్సర్’ అని రాయవద్దని తనపై ఒత్తిడి వచ్చిందని హోంబర్గర్ తర్వాత వెల్లడించాడు.

బయటికి రాని ఫలితాలు

జర్మనీలోని కొలోన్‌లో ఉన్న ఇన్‌బిఫో ప్రయోగశాలను ఫిలిప్ మోరిస్ కంపెనీ 1971లో సొంతం చేసుకుంది. 1980ల్లో అక్కడ ఎలుకలతో, సిగరెట్ కాలే కొస నుంచి గాలిలో కలిసే పక్క పొగను పీల్పించారు. పొగతాగేవాడు లాగే పొగ కంటే అది గ్రాముకు ఎక్కువ విషపూరితమని తేలింది. ఇది అప్పట్లో అచ్చు కాలేదు. కోర్టు కేసుల వల్ల కంపెనీ పత్రాలు బయటపడ్డాక, 2005లో స్యూజన్ షిక్, స్టాంటన్ గ్లాంట్జ్ ఆ లెక్కలను విశ్లేషించి ప్రచురించారు.

ఊపిరితిత్తుల కణితులు

1980ల్లో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో ఎలుకలపై, బెథెస్డాలో వేలాది చిట్టెలుకలపై ప్రయోగాలు జరిగాయి. రెండో దానిలో కేన్సర్ పెరుగుదల కనిపించలేదు. కాలిఫోర్నియాలోని డేవిస్‌లో హాన్స్‌పీటర్ విట్షీ 1990ల్లో, ఎ/జె చిట్టెలుకలకు ఐదు నెలలు పొగ పట్టి, నాలుగు నెలలు మంచి గాలిలో వదిలేస్తే కణితులు పెరుగుతాయని చూపాడు.

న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీలో ఉన్న లవ్‌లేస్ సంస్థ ఎంతో ఓపికతో ఈ చిక్కుముడి విప్పింది. జో మాడర్లీ బృందం ఎఫ్344 ఎలుకలకు రోజుకు 6 గంటలు, వారానికి 5 రోజులు, 30 నెలల వరకు పొగ పట్టింది. పొగ గాఢత ఘనపు మీటరుకు 100 లేదా 250 మిల్లీగ్రాముల కణాలు. 2004లో ప్రచురించిన ఫలితాల్లో ఆడ ఎలుకల ఊపిరితిత్తుల కణితులు స్పష్టంగా పెరిగాయి. మగవాటిలో పెరుగుదల గణాంకాలకు నిలిచేంత లేదు. 2005లో అదే సంస్థలో జూలీ హట్ బృందం బీ6సీ3ఎఫ్1 ఆడ చిట్టెలుకల్లో ఊపిరితిత్తుల అడినోకార్సినోమా (గ్రంథి కణాల కేన్సర్) ఏడు రెట్లకు పైగా పెరిగినట్టు చూపింది. తొలినాళ్ల విఫలయత్నాలకు తక్కువ మోతాదు, తక్కువ కాలం ముఖ్య కారణాలని ఈ రెండు ప్రయోగాలు సూచించాయి.

కేన్సర్ సంగతి అలా ఉండగా, ఊపిరితిత్తుల్లోని గాలి గదులు దెబ్బతినే ఎంఫిసీమా అనే జబ్బుపై పరిశోధనలో ఫలితాలు త్వరగా వచ్చాయి. మాక్రోఫేజ్ ఎలాస్టేస్ అనే ఎంజైము లేని చిట్టెలుకలకు పొగ పట్టినా ఎంఫిసీమా రాదని స్టీవెన్ షాపిరో బృందం 1997లో చూపింది. గ్రాహం తారు పూత ప్రయోగం జరిగిన వాషింగ్టన్ విశ్వవిద్యాలయమే దీనికీ వేదిక.

ప్రస్తుత స్థితి

పొగాకు ఉత్పత్తుల అభివృద్ధి కోసం జంతువులపై ప్రయోగాలను జర్మనీ నిషేధించింది. బ్రిటన్ 1997లో అలాంటి ప్రయోగాలకు అనుమతులు ఆపింది. ఇటీవల దృష్టి ఈ-సిగరెట్ల వైపు మళ్లింది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో 54 వారాలు ఈ-సిగరెట్ ఆవిరి పీల్చిన 40 చిట్టెలుకల్లో 9కి ఊపిరితిత్తుల అడినోకార్సినోమా వచ్చిందని 2019లో ప్రకటించారు. మనుషులకు ఇదెంత వరకు వర్తిస్తుందన్న చర్చ సాగుతోంది.

పొగాకు పొగ కేన్సర్ కారకమని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1986లోనే తీర్మానించింది. పొగ వల్ల కేన్సర్ వస్తుందని నమ్మడానికి ఆనాటికే ఎలుకల సాక్ష్యం కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. ఆ వ్యాధి ఏ దారిలో వస్తుందో తెలుసుకోవడానికే ఈ ప్రయోగాలు ఎక్కువగా ఉపయోగపడ్డాయి.