స్వప్నం, చిత్రం, సంగ్రామం: ఉషాపరిణయ కథలో వీరుల కలయిక

వేర్వేరు కథలకు నాయకులైన వీరులను ఒకే కథలోకి రప్పించడం అమెరికన్ కామిక్స్‌లో 1940 నాటి ‘ఆల్ స్టార్ కామిక్స్’ మూడవ సంచికతో స్థిరపడింది. 1960లో ‘జస్టిస్ లీగ్’ బృందం ఏర్పడింది. మరుసటి సంవత్సరమే ఆ బృందానికి డాక్టర్ డెస్టినీ అనే శత్రువు పుట్టుకొచ్చాడు. తర్వాతి సంచికలలో అతడు కలలను ఆయుధాలుగా మార్చుకున్నాడు. 2023లో డి.సి. సంస్థ వెలువరించిన ‘నైట్ టెర్రర్స్’ కథామాలికలో వీరులందరూ నిద్రలోకి జారి, ఎవరి పీడకలలో వారు చిక్కుపడతారు. ఇన్సామ్నియా అనే ప్రతినాయకుడు ఒక మహిమగల రాయి కోసం వారి కలలను గాలిస్తాడు.

కల, బొమ్మ, వీరుల కలయిక అనే ఈ మూడు అంశాలూ ఒకేచోట కనిపించే ప్రాచీన కథ తెలుగువారికి చిరపరిచితమైనదే. అది ఉషాపరిణయం. సంస్కృత హరివంశంలోనూ భాగవతంలోనూ ఉన్న ఈ కథ పోతన భాగవతం దశమస్కంధం ఉత్తరభాగంలో తెలుగుదనం సంతరించుకుంది. కనుపర్తి అబ్బయామాత్యుని చేతిలో ‘అనిరుద్ధచరిత్రము’ అనే ప్రబంధమైంది. కూచిపూడి భాగవతుల ప్రదర్శనలలో చోటు సంపాదించుకుంది. 1961లో కడారు నాగభూషణం దర్శకత్వంలో చలనచిత్రంగా వచ్చింది. ఆ చిత్రంలోని ముఖ్య నటులలో ఒకరైన కాంతారావు నాటి నల్లగొండ జిల్లాలోని కోదాడ ప్రాంతపు గుడిబండలో జన్మించినవారు. డాక్టర్ డెస్టినీ పుట్టిన సంవత్సరమూ ఈ సినిమా వచ్చిన సంవత్సరమూ ఒకటే కావడం కేవలం యాదృచ్ఛికం. అయినా గుర్తుపెట్టుకోదగిన యాదృచ్ఛికమే.

సాధారణంగా ఈ కథను శృంగార కథగా పరిగణిస్తారు. అందువల్ల దీని ఆరంభంలోని కల స్వభావం మరుగున పడింది. హరివంశంలో ఉషకు వచ్చినది తీపి కల కాదు. తన ఇష్టానికి విరుద్ధంగా ఒక పురుషుడు తన్ను పొందినట్లు కలగని ఆమె ఏడుస్తూ లేస్తుంది. కన్యాత్వం పోయిందని, వంశానికి మచ్చ వచ్చిందని విలపిస్తుంది. మనస్సు చెడనప్పుడు దోషం లేదని చెలికత్తెలు ఓదారుస్తారు. కలలో కలిసినవాడే భర్త అవుతాడని పార్వతి పూర్వం ఇచ్చిన వరం గుర్తుకు వచ్చిన తరువాతనే ఆ భయం ఆశగా మారుతుంది. భాగవతంలో ఈ వరప్రసక్తి లేదు, విలాపమూ లేదు. ప్రియుడు కనబడక ఉలిక్కిపడి లేచి, సఖుల నడుమ సిగ్గుపడే కన్య మాత్రమే ఉంది. తెలుగు కావ్యాలూ రంగస్థలమూ ప్రధానంగా ఈ రెండవ ఉషనే స్వీకరించాయి. ఒక పీడకల ప్రణయస్వప్నంగా మారిన చరిత్ర ఇది. ఈ మార్పు వల్ల కథ మృదువైంది. కాని హరివంశకర్త అడిగిన ప్రశ్న, అంటే కలలో జరిగినదానికి మనిషి బాధ్యత ఎంత అన్నది, వెనక్కు పోయింది.

కలను పరీక్షించడానికి ఈ కథ ఎన్నుకున్న సాధనం చిత్రలేఖనం. మంత్రి కుంభాండుని కూతురు చిత్రరేఖ దేవతలను, గంధర్వులను, సిద్ధులను, నాగులను, దైత్యులను, యక్షులను, మానవులను వరుసగా గీసి చూపుతుంది. యాదవుల వంతు వచ్చినప్పుడు శూరసేనుడు, వసుదేవుడు, బలరాముడు, కృష్ణుడు పటం మీద నిలుస్తారు. ప్రద్యుమ్నుని చూడగానే ఉషకు సిగ్గు కలుగుతుంది. అనిరుద్ధుని చూసి తలవంచుకొని ఇతడేనంటుంది. తండ్రి రూపంలో కొడుకు పోలికను గుర్తింపజేసే ఈ చిన్న మెట్టు చిత్రకారిణి నైపుణ్యానికి నిదర్శనం. కలకు సాక్షి లేడు. చిత్రమే సాక్ష్యం.

చిట్యాల పరిసరాలలోని శ్రోతలకు బొమ్మ చూపి కథ చెప్పడం కొత్త విషయం కాదు. హైదరాబాదు–విజయవాడ రహదారిపై ఉన్న ఈ ఊరికి చుట్టుపక్కల, పోచంపల్లి మొదలుకొని, చేనేత పల్లెలు అనేకం. పద్మశాలీల కులపురాణమైన మార్కండేయ పురాణాన్ని కూనపులివారు పటం విప్పుతూ గానం చేస్తారు. చేర్యాల నకాశీలు ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి, ఎర్రని నేల మీద అడ్డపట్టీలుగా బొమ్మలు వేస్తారు. ఒక పట్టీ ముగిసి మరొక పట్టీ వచ్చే క్రమం కామిక్ పుటను తలపిస్తుంది. అయితే పటానికి గాయకుని గొంతు తోడుంటేనే కథ నడుస్తుంది. ఈ భేదాన్ని విస్మరించి పటాన్ని కామిక్‌కు పూర్వరూపమనడం తొందరపాటు.

కల, చిత్రం తరువాత యుద్ధం. చిత్రరేఖ ఆకాశమార్గాన ద్వారకకు వెళ్లి, నిద్రిస్తున్న అనిరుద్ధుని శోణితపురానికి తెస్తుంది. రహస్యం బయటపడి బాణాసురుడు అతనిని నాగపాశంతో బంధిస్తాడు. నాలుగు నెలల వానాకాలం గడిచాక నారదుడు వార్త తెస్తాడు. పన్నెండు అక్షౌహిణులతో యాదవులు కోటను ముట్టడిస్తారు. బాణుని పట్టణానికి కాపరి సాక్షాత్తు శివుడు. ఇక ఎదుర్కోలు తప్పదు: శివునితో కృష్ణుడు, కుమారస్వామితో ప్రద్యుమ్నుడు, కుంభాండ కూపకర్ణులతో బలరాముడు, బాణుని కొడుకుతో సాంబుడు, బాణునితో సాత్యకి. స్థాయికి తగిన జోడీలను కూర్చడంలో నేటి కామిక్ రచయితలు ఇంతకంటె చేసినది తక్కువ.

అసలు చిక్కు ఫలితంలో ఉంది. ఇరువురూ ఆరాధ్యులే. ఎవరు ఓడినా శ్రోతలలో ఒక వర్గం నొచ్చుకుంటుంది. చిట్యాలకు దక్షిణాన, నల్లగొండను ఆనుకొని ఉన్న పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం వంటి శివాలయ శిల్పాలలోనే రామాయణ భారత ఘట్టాలు కనిపిస్తాయి. అటువంటి నేలపై ఈ ప్రశ్న ఊరక పోయేది కాదు. ‘వీరభద్రవిజయం’ వంటి శైవకావ్యం కూడా పోతన పేరనే ప్రసిద్ధమై ఉంది. భాగవతం చూపిన పరిష్కారం జృంభణాస్త్రం. కృష్ణుడు దానిని ప్రయోగించగా శివుడు ఆవులిస్తూ మైమరచిపోతాడు. అది ఓటమి కాదు, నిద్రకు ముందటి స్థితి. కలతో మొదలైన కథ కునుకుతో మలుపు తిరుగుతుంది. ఆపైన దేవతలకు బదులుగా వారి జ్వరాలు పోరాడతాయి. మూడు తలల, మూడు కాళ్ల శివజ్వరం వైష్ణవజ్వరానికి లొంగి శరణు వేడుతుంది. బాణుని వేయి చేతులలో నాలుగు మిగులుతాయి. ప్రహ్లాదుని వంశంవాడు కనుక ప్రాణం దక్కి, శివుని పార్శ్వచరులలో చేరుతాడు. యుద్ధంలో ఇద్దరు దేవుళ్ల గౌరవమూ చెక్కుచెదరదు. శివుడే కృష్ణుని స్తుతించి భక్తుని కాపాడుకుంటాడు.

ఈ పరిష్కారంలో లెక్కకు రానిది ఒక్క చిత్రరేఖ. ఆమె గీసిన గీత లేకపోతే ఉష కలకు ముఖం లేదు, ద్వారకకు దారి లేదు, శోణితపుర సంగ్రామమే లేదు. అయినా అనిరుద్ధుని ఉష మందిరంలో చేర్చిన తరువాత భాగవతం ఆమెను మళ్లీ తలచుకోదు. ఉషానిరుద్ధులను రథం ఎక్కించి ద్వారకకు సాగనంపే చోట బాణుడు ఉన్నాడు, శివుడు ఉన్నాడు, అక్షౌహిణి సేన ఉంది. బొమ్మ గీసిన అమ్మాయి మాత్రం అక్కడ కనబడదు.