గుట్టల దారిలో సైకిలు, ఊపిరి చెప్పిన యుద్ధ చరిత్ర



డెబ్బై దాటిన వారు సైకిలు తొక్కవచ్చునా అని మీలో చాలామంది అడుగుతూ ఉంటారు. ఆ ప్రశ్నకు నా జవాబు ఈ వ్యాసం మధ్యలో వస్తుంది. దానికంటే ముందు మిమ్మల్ని బెల్జియం పశ్చిమ కొసకు, మొదటి ప్రపంచ యుద్ధ కాలానికి తీసుకువెళ్లాలి.

అక్కడ ఈప్ర్ అనే చిన్న పట్టణం ఉంది. స్థానికులు ఈపర్ అంటారు. మా అమ్మాయి కుటుంబం బ్రస్సెల్స్‌లో ఉండటం వల్ల గత వేసవిలో ఆ పట్టణంలో నాలుగు రోజులు గడిపే అవకాశం కలిగింది. బ్యాటరీ సాయంతో నడిచే సైకిలు ఒకటి అద్దెకు తీసుకున్నాను. ఆ దేశంలో సైకిలు దారుల కూడళ్లన్నిటికీ అంకెలు వేసి పలకలు పెట్టారు. ఏ అంకె తర్వాత ఏ అంకె రావాలో కాగితం మీద రాసుకుంటే చాలు, భాష రానివాడు కూడా దారి తప్పడు.

కారులో వెళ్లేవారికి ఆ నేల చదునుగానే తోస్తుంది. ఈప్ర్ సముద్రమట్టానికి సుమారు 20 మీటర్ల ఎత్తున ఉంటే, ఈశాన్యంగా 10 కిలోమీటర్ల దూరంలోని పాషెండేల్ గ్రామం 50 మీటర్లకు పైబడిన ఎత్తున ఉంది. తేడా మన పట్టణాల్లోని పదంతస్తుల మేడ ఎత్తు. కానీ సైకిలు మీద వెళితే నేల చదును కాదని మొదట మోకాళ్లకు, తర్వాత ఊపిరికి తెలుస్తుంది. నేల నెమ్మదిగా లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. ఆ కాస్త ఎత్తు కోసమే నాలుగేళ్లపాటు సైన్యాలు కొట్టుకున్నాయి. మెరక మీద ఉన్న జర్మన్ ఫిరంగిదళానికి పల్లంలోని ప్రతి కదలికా కనిపించేది. పల్లంలో ఉన్నవారికి పైగా నీటి బాధ. అక్కడి బంకమట్టి వాన నీటిని ఇంకనివ్వదు. 1917లో జూలై 31 నుంచి నవంబరు 10 వరకు సాగిన మూడవ ఈప్ర్ యుద్ధంలో ముందుకు జరిగిన దూరం 8 కిలోమీటర్లు మాత్రమే. నేను దాన్ని దారిలో ఆగుతూ ఆగుతూ కూడా గంట లోపల దాటాను. ఆ వాలు మీదనే టైన్ కాట్ శ్మశానవాటిక ఉంది. దాదాపు 12,000 సమాధుల్లో 8,000కు పైగా పేరు లేనివి.

వైద్యుడిగా నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది మెరక కాదు, పల్లం. ఈప్ర్‌కు ఉత్తరంగా కాలువ గట్టున రెండు మూడు కిలోమీటర్లు వెళితే ఎసెక్స్ ఫామ్ అనే చోటు వస్తుంది. అక్కడ గాయపడినవారికి ప్రథమ చికిత్స చేసిన గదులు నేటికీ ఉన్నాయి. 1915లో అక్కడ పనిచేసిన కెనడా వైద్యుడు జాన్ మెక్రే ఆ ఏడాది మే నెల మొదట్లో మిత్రుడి మరణం తర్వాత రాసిన కవిత వల్లనే గసగసాల ఎర్రపువ్వు యుద్ధమృతుల చిహ్నమైంది. ఆయన చిన్ననాటి నుంచి ఉబ్బసం రోగి. 1918 జనవరిలో న్యుమోనియాతో మరణించాడు.

1915 ఏప్రిల్ 22, సాయంత్రం సుమారు ఐదు గంటలు. ఆ కాలువకు తూర్పున, లాంగ్‌మార్క్ వైపు జర్మన్ సైన్యం ఐదు వేలకు పైగా సిలిండర్ల మూతలు విప్పి 150 టన్నులకు పైగా క్లోరిన్‌ను గాలిలోకి వదిలింది. ఎదురుగా ఉన్నది ఫ్రెంచి దళాలు, వారిలో అల్జీరియా సైనికులు. క్లోరిన్ గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. అది నీటిలా పల్లానికి పారుతుంది. కందకంలోకి దిగుతుంది, కందకం అడుగున పడుకున్న గాయాలవాడి ముక్కులోకి దిగుతుంది. ఆ దాడుల నుంచి బయటపడినవారు చెప్పినది ఒకటుంది. కందకం గట్టు మీదకు ఎక్కి నిలబడినవారు తక్కువ బాధపడ్డారు. వెనక్కి పరుగెత్తినవారు మేఘంతోపాటే పరుగెత్తారు, పైగా పరుగు వల్ల రెట్టింపు పీల్చారు. తూటాల నుంచి కాపాడే పల్లమే విషవాయువు దగ్గర ప్రాణం తీసింది.

నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 26న, మన లాహోర్ డివిజన్‌ను ఆ పొలాల మీదుగానే ఎదురుదాడికి పంపారు. వారి మీద కూడా గాసు వదిలారు. అధికారులు నేలకూలిన తర్వాత జమేదార్ మీర్ దస్త్ మిగిలినవారిని కూడగట్టి, గాయపడిన ఎనిమిది మంది అధికారులను మోసుకురావడానికి తోడ్పడ్డాడు. విక్టోరియా క్రాస్ లభించింది. ఇంగ్లండులో బ్రైటన్ రాజసౌధాన్ని భారతీయ సైనికుల ఆసుపత్రిగా మార్చిన చోట ఆయనకు చికిత్స జరిగింది. ఈప్ర్ పట్టణపు మెనిన్ ద్వారం మీద చెక్కిన 54,000కు పైగా పేర్లలో మన దేశపు సైనికుల పేర్లు కూడా ఉన్నాయి. వాటి కింద చాలాసేపు నిలబడ్డాను. ప్రతి సాయంత్రం ఎనిమిది గంటలకు అక్కడ బాకా ఊదుతారు.

ఆ వాయువు ఏమిటో తేల్చడానికి బ్రిటిష్ ప్రభుత్వం శ్వాసక్రియ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్‌ను కొద్దిరోజుల్లోనే ఫ్రాన్స్‌కు పంపింది. ఆయన ఆసుపత్రిలో బాధితులను చూశాడు, శవపరీక్షలో ఊపిరితిత్తులను చూశాడు, క్లోరిన్ అని చెప్పాడు. తర్వాత ముసుగులు పరీక్షించడానికి సైన్యంలో ఉన్న తన కుమారుడిని పిలిపించాడు. 22 ఏళ్ల జె.బి.ఎస్. హాల్డేన్, మరికొందరు కలిసి క్లోరిన్ నింపిన అద్దాల గదిలో కూర్చున్నారు. ఊరికే కూర్చుంటే పరీక్ష కాదు. అందుకని చేత్తో ఒక చక్రం తిప్పారు, ముసుగు ఉన్నప్పుడు, లేనప్పుడు. శ్రమపడే మనిషి ఎంత విషం పీలుస్తాడో తెలియాలి కదా! ఆ తర్వాత నెలరోజుల వరకు తాను సరిగా పరుగెత్తలేకపోయానని ఆయన రాసుకున్నాడు. ఆ బృందంలోని డగ్లస్ పేరు వైద్య విద్యార్థులకు పరిచితమే. వ్యాయామంలో మనిషి వదిలే గాలిని పట్టి కొలిచే సంచి ఆయనదే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. సైకిలు దిగి ఆ కాలువ గట్టున కూర్చున్నప్పుడు నాకు గుర్తొచ్చినది ఈప్ర్ కాదు. నలభై ఏళ్ల కిందట ఒక చిన్న పట్టణపు ప్రభుత్వాసుపత్రిలో నేను డ్యూటీలో ఉండగా, మంచినీటి పథకం దగ్గర క్లోరిన్ సిలిండరు లీకై ఐదుగురు కార్మికులను తెచ్చారు. నలుగురు దగ్గుతూ, కళ్లు మండుతూ వచ్చారు. వారిని చేర్చుకున్నాను. ఐదవవాడు బాగానే ఉన్నానన్నాడు. ఛాతీ విన్నాను, శుభ్రంగా ఉంది. ఇంటికి పంపేశాను. అతడు ఎదురుగాలిలో, మెరక దారిలో ఆరు కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ తన ఊరు వెళ్లాడు. అర్ధరాత్రి నోట నురగతో ఎడ్లబండి మీద తెచ్చారు. ఊపిరితిత్తుల్లోకి నీరు దిగింది. ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండరు ఎవరికి పెట్టాలో తేల్చుకోవలసిన రాత్రి అది. బతికాడు. కానీ ఆ తర్వాత ప్రతి చలికాలమూ ఆయాసంతో నా ఓపీకి వచ్చేవాడు, నన్ను ఒక్క మాట అనకుండా.

మొదట బాగున్నట్లు కనిపించి, గంటల తర్వాత, ముఖ్యంగా శ్రమపడితే కుప్పకూలడం 1915 నాటి వైద్యులకు తెలిసిన విషయమే. ఆ ఏడాది డిసెంబరులో ఈప్ర్ దగ్గరే క్లోరిన్‌తో ఫాస్జీన్ కలిపి వదిలినప్పుడు అది మరీ స్పష్టమైంది. నా పాఠ్యపుస్తకంలోనూ ఉండే ఉంటుంది. నేను చదివిన చోట ఆగలేదు.

అందుచేత మీకు చెబుతున్నాను. స్నానాల గదిలో బ్లీచింగ్ పౌడరు, యాసిడ్ కలిపితే పుట్టేది ఈ క్లోరినే. ఘాటు తగిలిన వెంటనే బయటకు రండి. బయట లీకయితే గాలికి ఎదురుగా గానీ అడ్డంగా గానీ నడిచి, మెరకకు చేరండి. కింద కూర్చోకండి. దగ్గు తగ్గినా ఆ రోజంతా విశ్రాంతిలో ఉండండి, ఆసుపత్రిలో చూపించుకోండి. 24 గంటల లోపు ఆయాసం మొదలైతే మళ్లీ వెంటనే వెళ్లండి.

మూడవ రోజు ఈప్ర్‌కు దక్షిణంగా కెమ్మెల్ గుట్టకు వెళ్లాను. ఎత్తు 156 మీటర్లే, కానీ గరుకు రాళ్లు పరిచిన దారి కొన్నిచోట్ల ఐదడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేస్తుంది. గెంట్-వెవెల్గెమ్ పేరుతో ప్రసిద్ధమైన పోటీలో సైకిలు వీరులు ఏటా దీన్ని ఎక్కుతారు. సైకిలు పోటీలకు, ఈ యుద్ధానికి బంధుత్వం పాతదే. టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఫాబెర్, లాపీజ్, పెటి-బ్రెటోన్ ముగ్గురూ ఆ యుద్ధకాలంలోనే పోయారు. యుద్ధం ముగిసి ఆరు నెలలైనా కాకముందే, 1919 ఏప్రిల్ చివరలో, ఒక ఫ్రెంచి పత్రిక యుద్ధభూముల మీదుగా 2,000 కిలోమీటర్ల పోటీ పెట్టింది. బ్రస్సెల్స్ నుంచి ఆమియాన్ వరకు సాగిన దశ ఈ శిథిలాల మధ్య నుంచే పోయింది. గెలిచిన డెరైటర్‌కు ఆ ఒక్క దశకే 18 గంటలకు పైగా పట్టింది. వాన, చలి, గుండ్లు తవ్విన గోతులు. బయలుదేరినవారిలో నాలుగో వంతు మందే మొత్తం పూర్తి చేశారు. పత్రిక అమ్మకాల కోసం ఇలాంటి పని చేయించడం నాకు రుచించలేదు.

డెబ్బై దాటినవారి ప్రశ్నకు వస్తాను. తొక్కవచ్చు, గుండె పరీక్ష చేయించుకున్న తర్వాత. నేను రక్తపోటుకు బీటా బ్లాకర్ వేసుకుంటాను. అది నాడి వేగాన్ని అణచివేస్తుంది కనుక చేతి గడియారం చూపే అంకెను నమ్మను, నోటి మాటను నమ్ముతాను. వాక్యం ఆపకుండా పూర్తిగా పలకగలిగితే ముందుకు సాగుతాను. రెండు మాటలకొకసారి ఊపిరి తీయవలసి వస్తే దిగిపోతాను. కెమ్మెల్ మీద సగం దారిలో బ్యాటరీ సాయం ఉండగానే మాట తెగింది. దిగి నెట్టుకుంటూ ఎక్కాను. నన్ను దాటి వెళ్లిన ఒక కుర్రవాడు ఏదో అన్నాడు. అర్థం కాలేదు, నవ్వాను. 1918 ఏప్రిల్ 25న ఈ గుట్టను జర్మన్లు ఫ్రెంచివారి నుంచి గాసుతో, గుండ్లతో పట్టుకున్నారు. పడమటి వాలున ఫ్రెంచి సైనికుల సామూహిక సమాధి ఉంది. 5,000 మందికి పైగా అందులో ఉంటే పేర్లు తెలిసినవారు 57 మంది.

కొడుకు హాల్డేన్ తర్వాత గొప్ప జన్యుశాస్త్రవేత్త అయ్యాడు. 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడి పౌరుడయ్యాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కాన్సరుతో మరణించాడు. తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వాలని వీలునామా రాశాడు, అలాగే చేర్చారు. నేను అక్కడ చదువుకున్నవాడినే. అనాటమీ విభాగంలో భద్రపరిచిన ఆ అస్థిపంజరం ముందు మా సహాధ్యాయులతో కలిసి ఎన్నోసార్లు నిలబడ్డాను. ఆ మనిషి ఒక గదిలో క్లోరిన్ పీలుస్తూ చక్రం తిప్పాడని మాకెవరూ చెప్పలేదు. మేము పరీక్షకు పనికివస్తాయని పక్కటెముకలు లెక్కపెట్టుకుని, కాంటీనుకు వెళ్లిపోయేవాళ్లం.