పొడ తూర్పు పశువులు

నల్లమల అంచున, నాగర్‌కర్నూల్ జిల్లాలో పెరిగే నాటు గోజాతి పొడ తూర్పు. అమ్రాబాద్, పదర, లింగాల, అచ్చంపేట మండలాల అడవి పక్క ఊళ్లు దీని ఇలాకా. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ 2020లో దీన్ని జాతిగా నమోదు చేసింది. తెలంగాణ నుంచి ఆ గుర్తింపు పొందిన మొదటి గోజాతి ఇదే. అంతకుముందు లెక్కల్లో ఇవీ ఊరూపేరూ లేని నాటు పశువులే.

పొడ అంటే ఒంటి మీది మచ్చ. తెల్ల ఒంటి మీద ఎర్రటి, గోధుమరంగు మచ్చలున్నవి ఎక్కువ. పడమటి ఊళ్ల రైతులకు ఇవి తూర్పు కొండల నుంచి దిగేవి కాబట్టి తూర్పు ఎడ్లయ్యాయి. మధ్యస్థమైన ఒళ్లు, బిగువైన కాళ్లు, గట్టి గిట్టలు. రాళ్ల గుట్టలెక్కి పొద్దంతా మేసి, సాయంత్రానికి మందతోపాటు దొడ్డికి చేరతాయి. దాణా, కుడితి ఎరగవు. ఎండాకాలం గడ్డి మాడితే చెట్ల ఆకులూ రాలిన కాయలూ తిని నిలదొక్కుకుంటాయి. రోగాలను బాగా తట్టుకుంటాయని పేరుంది గానీ, గాలికుంటు టీకా వీటికీ వేయించాల్సిందే.

పాలు రోజుకు రెండు మూడు లీటర్లు. సంకరజాతి ఆవు పక్కన పెట్టి చూస్తే ఇది తక్కువే. ఆ కొలత దీనికి పెట్టడమే సరికాదు. పాలు చాలావరకు దూడకే వదులుతారు, ఎందుకంటే పెంపకందారుకు రాబడి కోడెదూడ మీదే. కార్తీకంలో జరిగే కురుమూర్తి జాతర ఈ కోడెలకు పేరున్న సంత. కొన్న రైతు కాడి కింద పెట్టి దుక్కికీ బండికీ అలవాటు చేసుకుంటాడు.

ఎక్కువగా లంబాడా, గొల్ల కుటుంబాలు ఈ మందలను కాస్తాయి. కోతలయ్యాక రైతులు పొలంలో మంద కట్టించుకుంటారు. రాత్రంతా పడిన పేడ, మూత్రం అక్కడే ఎరువవుతాయి. మందకాపరికి గింజలో, పైసలో ముడతాయి. కాపరి ఇంట్లో కోడెల అమ్మకం తర్వాత చెప్పుకోదగ్గ ఆదాయం ఇదే.

ట్రాక్టర్లు వచ్చాక ఎడ్ల గిరాకీ పడిపోయింది. మేత తావులో పెద్ద భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉండటంతో పశువులను లోపలికి తోలడంపై ఆంక్షలున్నాయి. మందలో ఒక ఆవును పులి కొడితే పరిహారానికి అర్జీ పెట్టుకోవచ్చు. మేత తావు పోయినందుకు మాత్రం అలాంటి లెక్క లేదు. గుర్తింపు కోసం వాసన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడుతో పెంపకందారులు అమ్రాబాద్ పొడలక్ష్మి గోవు సంఘంగా కూడారు. జాతి పేరు రికార్డుకెక్కింది, మేత హక్కు మాట ఇంకా తేలలేదు.