డిమెన్షియా ఉన్న పెద్దలు పగలంతా నిద్రలోనే ఉంటున్నారా..? ఈ తేడా గమనించండి

విశాఖపట్నం: డిమెన్షియా ముదిరేకొద్దీ నెలల తరబడి నిద్ర కొంచెం కొంచెంగా పెరగడం మామూలే. స్నానం, భోజనం లాంటి పనులకే అలసిపోతారు. బద్ధకం అనుకుని కసురుకోవద్దు.

కానీ నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకట్రెండు రోజుల్లోనే మత్తుగా మారితే ప్రమాద సంకేతం. డాక్టర్లు దీన్ని డెలీరియం అంటారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, సోడియం తగ్గడం, కిందపడి తలకు దెబ్బ తగలడం, నిద్రమాత్రలు, కొన్ని జలుబు మాత్రలు.. ఏదైనా కారణం కావచ్చు. విశాఖ ఉక్కపోతలో దాహమని చెప్పలేని పెద్దలకు డీహైడ్రేషన్ ముప్పు కూడా ఎక్కువే. వాడుతున్న మందులన్నీ పట్టుకుని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. లేపినా లేవకపోతే 108కి కాల్ చేయండి.

స్టీల్‌ప్లాంట్, పోర్టు షిఫ్టులకు వెళ్లే ఇళ్లలో పగలు చూసుకునేది ఒకరు, రాత్రి ఇంకొకరు. అందుకే మార్పు త్వరగా తెలియదు. ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు, ఏం తిన్నారు, ఎన్నిసార్లు మూత్రం వచ్చింది.. ఒక నోట్‌బుక్‌లో రాసి తర్వాత వచ్చేవారికి అప్పగించండి. డాక్టర్‌కూ అదే చూపించండి.

ఇంట్లో ఇలా చేయండి:

* పొద్దున్నే ఎండ, వెలుతురు తగిలేలా కూర్చోబెట్టండి.
* మత్తులో ఉండగా అన్నం, నీళ్లు, మాత్రలు నోట్లో పెట్టొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.
* మంచంపైనే ఉంటే పుండ్లు పడకుండా సుమారు 2 గంటలకోసారి పక్కకు తిప్పండి.
* డాక్టర్‌ని అడక్కుండా మందులు ఆపొద్దు, మార్చొద్దు.

విశాఖ కేజీహెచ్‌లో న్యూరాలజీ విభాగం ఉంది. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. చూసుకునేవారే ఒత్తిడితో నలిగిపోతుంటే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు.