వలస ఓడల్లో తెలుగు బాల్యం: నేటాల్ ప్రయాణాలు (1860–1911)

వ్యాససంగ్రహం:
మద్రాసు రేవు నుండి నేటాల్‌కు సాగిన ఒప్పంద కూలీల ఓడలలో తెలుగు పిల్లలు కూడా ప్రయాణించారు. వారిని అధికారులు లెక్కించిన పద్ధతిని ఆధారంగా చేసుకొని, ఆ సముద్రయానంలో బాల్యం ఎలాంటిదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఒప్పంద కూలీ, నేటాల్, ట్రూరో, వలస, బాల్యం.

1. ఉపోద్ఘాతం:
బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వ రద్దు చట్టం 1833లో వచ్చింది. ఆ తరువాత చెరకు తోటల యజమానులు భారతీయ కూలీలను ఒప్పందంపై రప్పించుకున్నారు. ఈ పద్ధతి 1834లో మారిషస్‌కు, 1860లో నేటాల్‌కు చేరింది. 1860 అక్టోబరులో మద్రాసులో బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. అందులోని 342 మందిలో స్త్రీలు, పిల్లలు కూడా ఉన్నారు. 1911 నాటికి నేటాల్ చేరిన 1,52,184 మందిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు నుండి వెళ్లినవారే. విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు వీరిలో గణనీయంగా కనిపిస్తారు.

2. పిల్లలు ఓడ ఎక్కిన నేపథ్యం:
ఒప్పందం కుదుర్చుకున్నది పెద్దలు. ప్రతి నూరుగురు పురుషులకు నలభై మంది స్త్రీలు ఉండాలన్న నియమం క్రమంగా స్థిరపడింది. పిల్లల విషయంలో అటువంటి నిష్పత్తి ఏదీ లేదు. తల్లిదండ్రుల నిర్ణయం వెంట వారు నడిచారు. అందువల్ల వలస విధానంలో బాలల ప్రస్తావన స్త్రీల సంఖ్యకు అనుబంధంగానే మిగిలింది.

3. ఓడలో జీవనం:
తెరచాప ఓడలో ప్రయాణం వారాల తరబడి సాగేది. స్థలాన్ని, ఆహారాన్ని పంచేటప్పుడు పదేళ్లలోపు పిల్లలిద్దరిని ఒక పెద్ద మనిషిగా లెక్కించేవారు. చంటిపిల్లలు ఈ లెక్కలోకి రారు. కిక్కిరిసిన అడుగు అంతస్తులో తట్టు, కలరా, విరేచనాలు త్వరగా వ్యాపించేవి. తల్లి మంచం పడితే పాలు తాగే బిడ్డ ఆహారమే ఆగిపోయేది. ఓడలోని వైద్యాధికారి జనన మరణాలను నమోదు చేసేవాడు. అంటే, ఓడలో పుట్టిన బిడ్డ తొలి చిరునామా సముద్రమే.

4. తీరంపై మరో లెక్క:
డర్బన్‌లో దిగిన ప్రతి వ్యక్తికీ ఒక వలస సంఖ్య ఇచ్చేవారు. పిల్లలకూ విడిగా సంఖ్య ఉండేది. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, శరీరంపై గుర్తులు జాబితాలో చేరేవి. పురుషుడికి మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు. స్త్రీలకు, పిల్లలకు అంతకంటే తక్కువ. ఇక్కడొక వైరుధ్యం గమనార్హం. ఓడలో సగం మనిషిగా ఉన్న పిల్లవాడు జాబితాలో పూర్తి సంఖ్య అయ్యాడు. తోటలో తక్కువ కూలికి దొరికే శ్రామికుడయ్యాడు. ఏ దశలోనూ అతడిని బాలుడిగా చూసిన దాఖలా ఈ లెక్కలలో లేదు.

5. ముగింపు:
ఆ పిల్లల సంతతి భాషను పూర్తిగా వదులుకోలేదు. 1931లో దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభ ఏర్పడింది. నాడు నిజాం పాలనలో ఉన్న, సముద్రతీరం లేని మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం నేడు ఇతర రాష్ట్రాల నుండి వచ్చే కూలీ కుటుంబాలకు గమ్యం. ఇక్కడి నిర్మాణ స్థలాలలో ఇసుక కుప్పల పక్కన ఆడుకునే పిల్లలు మేస్త్రీ హాజరు పుస్తకానికి ఎక్కరు. వలసను శ్రమ చరిత్రగా మాత్రమే చదివితే బాల్యం మన పరిశోధనల నుండి కూడా జారిపోతుంది. ఓడ జాబితాలలోని వయస్సు గడిని వేతన గడితో సమానమైన శ్రద్ధతో చదవడం అందుకు తొలి మెట్టు.