పరిశోధక వేతనం: దాతృత్వం నుంచి పోటీ పరీక్ష దాకా

వ్యాససంగ్రహం:
విజ్ఞానశాస్త్ర, ఇంజనీరింగ్ రంగాలలో డాక్టరేట్ పరిశోధనకు సాధారణంగా నాలుగైదేళ్లు పడుతుంది. ఆ కాలంలో పరిశోధకుని జీవికకు ఆధారం ఎవరన్నది పైకి ఆర్థిక విషయంగా కనబడినా, ఎవరు పరిశోధకులు కాగలరన్న దానిని నిర్ణయించేది అదే. భారతదేశంలో, ప్రత్యేకించి తెలుగువారి అనుభవంలో, ఈ ఆధారం దాతల నుంచి విశ్వవిద్యాలయాలకు, అక్కడి నుంచి ప్రభుత్వ పరీక్షలకు మారిన క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పరిశోధక వేతనం, దాతృత్వం, నెట్, సి.ఎస్.ఐ.ఆర్., ప్రాజెక్టు ఫెలో, తెలుగు మాధ్యమం.

1. దాతల కాలం

వలస పాలనలో ఉన్నత పరిశోధనకు ప్రభుత్వం కేటాయించిన ధనం స్వల్పం. ఆ లోటును కొంతవరకు వర్తకులు, న్యాయవాదులు, సంస్థానాధీశులు పూడ్చారు. జంషెడ్జీ టాటా 1892లో విదేశీ విద్యకై ఒక నిధిని నెలకొల్పారు. కలకత్తాలో తారక్‌నాథ్ పాలిత్, రాస్‌బిహారీ ఘోష్‌ల విరాళాలతో విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాల ఏర్పడింది. మేఘనాథ్ సాహా ఐరోపా ప్రయోగశాలలకు వెళ్లగలగడానికి కూడా ఇటువంటి దాతల పేరిట వెలసిన పురస్కారాలే తోడ్పడ్డాయి.

తెలుగునాట ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం. 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసులో వైద్యవిద్య ముగించిన ఆయన 1922లో అమెరికా చేరారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారి కుటుంబం అందించిన సహాయం ఆ ప్రయాణానికి ఆధారమైంది. అది చాలక, బోస్టన్‌లో ఆసుపత్రి పనులు చేస్తూ ఆయన కాలం గడిపినట్లు జీవితచరిత్రకారులు పేర్కొన్నారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. హార్వర్డ్ నుంచి పీహెచ్.డి. 1930లో లభించింది. ఆయన ప్రతిభ నిస్సందేహమే. అయితే కాకినాడలో ఆ ధర్మసంస్థ లేకపోతే ఆ ప్రతిభ ఓడ ఎక్కేదా అన్నది చరిత్ర అధ్యయనంలో వేసుకోవలసిన ప్రశ్న. దాతృత్వానికి ఉన్న పరిమితి ఇదే: దాత ఎరుకలోనికి వచ్చినవారికే అది అందుతుంది.

2. విశ్వవిద్యాలయం పరిశోధనా క్షేత్రంగా మారడం

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల విరాళాన్ని ఇచ్చారు. అక్కడి శాస్త్ర సాంకేతిక కళాశాలకు ఆయన పేరే పెట్టారు. నిజాం కళాశాలలో చదివి, కలకత్తాలో సి.వి. రామన్ వద్ద పరిశోధన నేర్చిన సూరి భగవంతం 1932లో వాల్తేరు వచ్చారు. మాంచెస్టర్‌లో డాక్టరేట్ పొందిన టి.ఆర్. శేషాద్రి కూడా అదే దశకంలో ఇక్కడ రసాయనశాస్త్ర శాఖను తీర్చిదిద్దారు. దానమిచ్చింది సంస్థానాధీశుడే అయినా, విద్యార్థిని ఎంచుకునే బాధ్యత ఆచార్యునికి, శాఖకు చేరడం ఈ దశలోని ముఖ్యమైన మార్పు.

3. రాజ్యం, పరీక్ష

1942లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సి.ఎస్.ఐ.ఆర్.) ఆవిర్భవించింది. 1956లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) చట్టబద్ధమైంది. హైదరాబాదులో భూభౌతిక పరిశోధనా సంస్థ (1961), కేంద్రీయ విశ్వవిద్యాలయం (1974), కణ, అణుజీవశాస్త్ర కేంద్రం (1977) రావడంతో తెలుగు విద్యార్థికి ఇంటికి దగ్గరలోనే వేతనంతో కూడిన పరిశోధనావకాశం ఏర్పడింది.

జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు జాతీయస్థాయి పరీక్ష 1984లో మొదలైంది. 1989 నుంచి అదే అధ్యాపక అర్హతకు కూడా ప్రమాణమై 'నెట్'గా స్థిరపడింది. ఈ పరీక్ష గొప్ప సమానీకరణ సాధనం. సిఫారసు లేని పల్లె విద్యార్థి కూడా తన వేతనాన్ని తానే వెంటబెట్టుకొని ఆచార్యుని గది తలుపు తట్టగలిగాడు.

అయితే ఈ సమానత్వం అసంపూర్ణం. విజ్ఞానశాస్త్రాల నెట్ ప్రశ్నపత్రం ఆంగ్ల, హిందీ భాషలలోనే ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి విషయంతోపాటు భాషను కూడా జయించవలసి వస్తుంది. రాష్ట్రస్థాయి 'సెట్' పరీక్ష అధ్యాపక అర్హతనిస్తుందే తప్ప వేతనాన్ని ఇవ్వదు. 2005-06లో షెడ్యూల్డు కులాలు, తెగల పరిశోధకులకై ప్రత్యేక జాతీయ ఫెలోషిప్ రావడం ఈ అసమానతకు ప్రభుత్వం ఇచ్చిన ఒక సమాధానం.

4. నేటి మార్గాలు

నేడు వేతనంతో కూడిన స్థానానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. మొదటిది నెట్ ద్వారా వచ్చే వ్యక్తిగత ఫెలోషిప్. ఇది విద్యార్థి సొత్తు. కాని నిర్ణీత గడువులోగా మార్గదర్శకుణ్ణి వెదికి ప్రవేశం పొందకపోతే చేజారిపోతుంది. రెండవది సంస్థాగత సహాయవృత్తి. ఇంజనీరింగ్ విద్యార్థులు గేట్ అర్హతతో ఐ.ఐ.టి.లలో చేరి, బోధనలో తోడ్పడుతూ దీనిని పొందుతారు. మూడవది ప్రాజెక్టు ఫెలో స్థానం. ఇక్కడ ధనం ప్రాజెక్టుకు చెందినది. ప్రాజెక్టు ముగిస్తే వేతనమూ ముగుస్తుంది, సిద్ధాంతవ్యాసం మాత్రం మిగిలే ఉంటుంది. కనుక ప్రాజెక్టు ఇంకా ఎన్నేళ్లు నడుస్తుంది, పీహెచ్.డి. నమోదుకు అవకాశముందా అన్న రెండు ప్రశ్నలు చేరకముందే అడగవలసినవి. అమెరికాలో రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్‌లు కూడా ఎక్కువగా ఆచార్యులు తెచ్చుకున్న నిధులతోనే నడుస్తాయి. అందువల్లనే అక్కడ దరఖాస్తుతోపాటు ఆచార్యునికి రాసే ఉత్తరానికీ విలువ.

వేతనం పరిమాణం కూడా పోరాటాల చరిత్రే. జూనియర్ ఫెలోకు 2010లో నెలకు రూ. 16,000 ఉండగా, 2014లో రూ. 25,000, 2019లో రూ. 31,000, 2023లో రూ. 37,000 అయింది. 2019 పెంపునకు ముందు దేశవ్యాప్తంగా పరిశోధకులు వీధులకెక్కారు. నెట్ లేని పీహెచ్.డి. విద్యార్థికి కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో ఇచ్చే రూ. 8,000ను రద్దు చేయాలన్న 2015 నాటి నిర్ణయం ఢిల్లీలో పెద్ద ఆందోళనకు దారితీసింది. మరోవైపు 2018లో ప్రకటించిన ప్రధానమంత్రి ఫెలోషిప్ నెలకు రూ. 70,000తో మొదలవుతుంది. ఒకే ప్రయోగశాలలో, ఒకే బల్ల దగ్గర పనిచేసే ఇద్దరి మధ్య ఇంత అంతరం ఉండవచ్చునన్నమాట.

5. ఉపసంహారం

దాత దయ, ఆచార్యుని ఎంపిక, రాజ్యపు పరీక్ష అనే మూడు దశలలోనూ ద్వారం క్రమంగా విశాలమైంది. కాని ఏ దశా మునుపటి దానిని పూర్తిగా తొలగించలేదు. ప్రాజెక్టు స్థానాలలో ఆచార్యుని ఎంపిక నేటికీ కీలకమే. వేతనం ఆలస్యమైన నెలల్లో ఇంటివారే దాతలు. ఇంటివద్ద ఆ ఆసరా లేని విద్యార్థి తన సిద్ధాంతవ్యాసాన్ని సగంలో విడిచిపెడితే, ఆ నష్టం ఏ గణాంకంలోనూ చేరదు. పరిశోధక వేతనాన్ని ప్రోత్సాహక బహుమతిగా కాక, చేసిన పనికి సకాలంలో చెల్లించవలసిన ప్రతిఫలంగా గుర్తించడమే ఈ చరిత్రలో రావలసిన తదుపరి దశ.